పదికెంత వెర్లిన్

ఎదురుపడిన మనిషిని ‘బాగున్నావా’ అని అడిగే అలవాటు వెర్లిన్ ఓస్ట్‌బీకి లేదు. ‘పదికెంత?’ అంటాడు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని మా ఊళ్ళో ఆ ప్రశ్న బారిన పడనివాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకింకా మాటలు వచ్చి ఉండవు.

ఈ జబ్బు ఆయనకు అంటించింది మా క్లినిక్కే. మాజీ సైనికులు జలుబుకీ రక్తపోటుకీ వచ్చే చిన్న క్లినిక్, నేనక్కడ నర్సుని. వెర్లిన్ వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి ఎంతో కాలమైనా, తలుపు దభాలున పడితే చాలు, బల్ల కిందికి దూరేవాడు. హోటల్లో గోడకి వీపు ఆనిస్తే తప్ప ముద్ద దిగేది కాదు. మనసు డాక్టరు ఉన్న పట్నానికి పోవాలంటే సగం రోజు ప్రయాణం. అందుకని మా డాక్టరమ్మ ఆయన ఫోన్లో ఒక యాప్ పెట్టించి, వారం వారం నాతో మాట్లాడుతూ ఉండమంది. ఆ యాప్ ముందుగా ‘ఇప్పుడు మీ మనసులో కలత సున్నా నుంచి పది దాకా ఎంత?’ అని అడుగుతుంది. అంకె చెబితే, ఊపిరి ఎలా పీల్చి వదలాలో ఒకావిడ గొంతు నెమ్మదిగా నేర్పుతుంది.

మొదట్లో ఆవిడతో రోజూ పోట్లాటే. పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్న ఊపిరిలో కొత్తగా నేర్పేదేముందని ఫోన్‌ని నిలదీశాడట. ఆవిడ కోపం తెచ్చుకోకుండా మళ్ళీ పీల్చమంది. “మా ఆర్డిత్‌కి కూడా ఇంత ఓపిక లేదమ్మాయ్,” అని భార్య పక్కనుండగానే నాతో అన్నాడు. ఎండాకాలం వచ్చేసరికి తలుపు చప్పుడుకి ఉలిక్కిపడుతున్నాడు గానీ, బల్ల జోలికి పోవడం లేదు.

అక్కడితో ఆగాడా? ఊరి మీద పడ్డాడు.

హోటల్లో వడ్డించే డార్లా కాఫీ పొయ్యనా అంటే, ముందు నీ అంకె చెప్పమనేవాడు. “నువ్వు రాకముందు రెండు. ఇప్పుడు ఏడు,” అనేది డార్లా. వేగంగా నడుపుతున్నాడని పోలీసు డెప్యూటీ ఒకసారి ట్రక్కు ఆపాడు. లైసెన్సు అడిగేలోపు వెర్లిన్ అతని అంకె అడిగాడు. డెప్యూటీ కాసేపు ఆలోచించి ఎనిమిదన్నాడు. అత్తగారు వచ్చి తిష్ఠ వేసిందట. ఆ దారిన పోయినవాళ్ళకి, పోలీసు అధికారి ట్రక్కు మీద చేతులాన్చి కళ్ళు మూసుకుని ఊపిరి పీలుస్తూ కనిపించాడు. జరిమానా సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

చర్చిలో అయితే, ఎవరి కోసం ప్రార్థించమంటారని పాస్టరు అడగ్గానే వెర్లిన్ లేచి నిలబడ్డాడు. “అది తర్వాత చూద్దాం పాస్టరు గారూ, ముందు మీదెంత?” పాస్టరు పైకి చూశాడు. దేవుడి కోసం కాదు, కారుతున్న కప్పు కోసం. తొమ్మిదని ఒప్పుకున్నాడు. ఆ వారంలోనే కుర్రకారంతా నిచ్చెనలేసుకుని కప్పు ఎక్కారు.

అయినా అందరికీ ఇంత సరదా ఉండదుగా. పన్ను పీకుతున్న దంతవైద్యుడి నోట్లోంచి అంకె లాగాడనీ, పెళ్ళికూతుర్ని పెళ్ళి మధ్యలోనే అడిగాడనీ క్లినిక్కి ఫిర్యాదులు వచ్చాయి. ఆయనకు సర్దిచెప్పే పని నాకు పడింది. యాప్ ఆయన కోసం గానీ ఊరి కోసం కాదని ఫోన్లో మెత్తగానే చెప్పాను. బుద్ధిమంతుడిలా అంతా విని, “గొంతులో చిరాకుంది. ఐదా, ఆరా?” అన్నాడు.

ఆ శనివారం కోళ్ళ దాణా కోసం కొట్టుకి వెళ్ళాను. అక్కడ బస్తాలు మోసే టీగ్ లోమాక్స్ ఇరాక్ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు. ఎవరితోనూ మాట్లాడడు. మా క్లినిక్ ముందు దాకా కారులో వచ్చి, ఇంజను ఆపకుండానే తిప్పుకుని పోయేవాడు. నేను కిటికీలోంచి చూసి బయటికి పరుగెత్తేసరికి దుమ్మే మిగిలేది. ఏం చేసుకుంటాడోనని అతని తుపాకి వాళ్ళన్న దాచేశాడని ఊళ్ళో గుసగుసలు. మా డాక్టరమ్మకి అతని గురించి బెంగగా ఉండేది.

వెర్లిన్ వరసలో నా ముందున్నాడు. అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు. కొట్టు యజమాని మూడన్నాడు. ఆవులు కంచె తెంచుకుపోయిన రైతొకడు ఏడన్నాడు. నేను నాలుగన్నాను. ఆ తర్వాత వెర్లిన్ ఉప్పు బస్తా మీది అక్షరాలు చదువుతూ, తల ఎత్తకుండా, “నీదెంత టీగూ?” అన్నాడు.

టీగ్ బస్తా దించాడు. “తొమ్మిది.”

ఎవరూ తల తిప్పలేదు. రైతు చిల్లర సర్దుకున్నాడు, యజమాని తర్వాతి మనిషిని పిలిచాడు. మా ఊళ్ళో అంకెలు అంత మామూలైపోయాయి.

“నాది ఆరు,” అన్నాడు వెర్లిన్. “ఈ ఉప్పు బస్తా నా నడుం మొయ్యదు. ట్రక్కు దాకా తోడురా.”

నేను బయటికొచ్చేసరికి ఇద్దరూ ట్రక్కు వెనక కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. మధ్యలో ఫోన్. ఆవిడ నెమ్మదిగా పీల్చమంటోంది, ఇద్దరూ పీలుస్తున్నారు.

టీగ్ పనిలోకి వెళ్ళాక వెర్లిన్‌ని పట్టుకుని, ఈ అంకెల గొడవ ఎందుకని అడిగాను. చెప్పడానికి నసిగాడు.

“వాణ్ణొక్కణ్ణే అడిగితే, ఊరందరిలోనూ వాడొక్కడే పాడైపోయినట్టుంటుంది కదమ్మా. అందుకని అందర్నీ అడిగా.”

“ఊరంతటినీనా?”

“చిన్న ఊరేగా.”

ఆ మాట అని, పొగుడుతానేమోనన్న భయంతో గబగబా ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

సోమవారం టీగ్ క్లినిక్ లోపలికి వచ్చాడు. డాక్టరమ్మ అతనితో చాలాసేపు మాట్లాడి, పట్నంలో మనసు డాక్టరుకి చూపించే ఏర్పాటు కూడా చేసింది. ఈలోగా సాయంగా ఉంటుందని నేను అతని ఫోన్లో యాప్ పెట్టాను. ఆవిడ గొంతు వచ్చింది. కలత ఎంతని అడిగి, జవాబు కోసం ఆగింది. టీగ్ ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. అతని పెదవి ఓ పక్కకి సాగింది. నవ్వుతాడని నాకు అప్పటిదాకా తెలియదు.

“వెర్లిన్ కంటే ఈవిడ నయం,” అన్నాడు. “జవాబు చెప్పేదాకా చొక్కా పట్టుకోదు.”