ఉట్టి మీది మజ్జిగ

కర్నూలు మన రాజధానిగా ఉండిన రోజులు. నా తొలి కాన్పు వేంపల్లెలో మా పుట్టింట్లో అయింది. ఆడపిల్ల. పురుటి స్నానం కాకముందే నాకు జొరం తగులుకుంది. ఒళ్లు పెనం మాదిరి కాలిపోతాంటే మా నాయన భయపడి కడప నుంచి డాక్టరును పిలిపించినాడు. ఆయన సూది వేసి, అప్పట్లో కొత్తగా వచ్చిన మాత్రలిచ్చి, "ఇవి లోపలుండే పురుగులను చంపేస్తాయమ్మా" అన్నాడు. చంపినాయి. జొరం దిగిపోయింది. దాని వెనకాలనే బేదులు పట్టుకున్నాయి.

మాత్రలు అయిపోయినా బేదులు నిలవలేదు. మా జేజి, అంటే మా నాయన్ను కన్నతల్లి, పత్యం ఇంకా బిగించింది. బాలింతకు మామూలుగానే మజ్జిగ ముట్టనీయరు, నీళ్లు కూడా కొంచెమే ఇస్తారు. తాగితే పొట్ట ఉబ్బుతుందంట, బిడ్డకు పడిశం పడుతుందంట. నాకు కడుపు జారుతాందని ఆ కొంచెం నీళ్లూ తగ్గించింది. పొడి వరన్నం, తెల్లగడ్డ కారం. అంతే! నాలుక పిడచగట్టుకపోయింది. పాలు ఇంకిపోయినాయి. బిడ్డ రొమ్ము లాగి లాగి, ఏమీ రాక, గుక్కపట్టి ఏడ్చేది. రానురాను ఏడ్చేదానికి కూడా ఓపిక లేక మూలిగేది.

మా ఇంట్లో అందరూ పొద్దున్నే సద్ది సంగటి తినేవాళ్లు. రాత్రి మిగిలిన జొన్న సంగటిని మజ్జిగలో నానేసి, పులిసినాక, ఎర్రగడ్డ నంజుకుని. నేనూ అదే తిని పెరిగినదాన్నే, ఏ రోజూ కడుపు నొప్పి అనలేదు. బాలింతనైనంత మాత్రాన అది విషమైపోయిందా? నాకు ఇసుగొచ్చింది, యాష్ట వచ్చింది.

ఒకరోజు పొద్దున జేజి వాకిట్లో కూచుని కందులు చెరుగుతాంది. నేను గోడ పట్టుకుని వంటింట్లోకి పోయి, ఉట్టి మీది మజ్జిగ ముంత దింపినా. దొంగతనంగా ఎందుకు తాగల్ల? తెచ్చి, జేజి ఎదురుగ్గానే గడప పక్కన కూచున్నా.

"ఓయమ్మో! తిక్క పట్టిందా నీకు? పెట్టు ఆడ!" అని జేజి చేట ఇసిరికొట్టింది. "బిడ్డకు పడిశం పట్టి ఏమన్నా అయితే ఎవరిది పాపం?"

"పాలు లేక చస్తే ఎవరిది జేజీ? నీదా, నాదా?"

నేను ముంతెత్తి ఆ పుల్లటి మజ్జిగ గటగటా తాగినా. గొంతులో చల్లగా దిగుతాంటే ఏడుపొచ్చింది. సంతోషమో కోపమో నాకే తెలీదు.

మరుసటి రోజు బిడ్డ తుమ్మింది. "చూస్తివా!" అని జేజి ఇల్లంతా ఎగిరింది. తుమ్మితే తుమ్మనీ అని మళ్లా తాగినా, పూటపూటా. మజ్జిగలో సంగటి పిసుక్కుని తిన్నా. నీళ్లూ ఎవరినీ అడక్కుండా ముంచుకుని తాగినా. మెల్లగా కడుపు కుదురుకుంది. ఒక సాయంత్రం చూసుకుంటే రవిక తడిసి ఉండాది. బిడ్డ కడుపారా తాగి, పాలు మూతి పక్కన కారుతాంటే అట్లే నిద్రపోయింది. జేజి వచ్చి చూసి, బిడ్డ మూతి కొంగుతో తుడిచి పోయింది.

శానా ఏండ్లకు డాక్టర్లు చెప్తాంటే విన్నా. మన పేగుల్లో మనకు మేలు చేసే సూక్ష్మజీవులు కాపురముంటాయంట. మాత్రలు చెడ్డవాటితో పాటు వాటినీ చంపుతాయంట. పులిసిన మజ్జిగలో కూడా మంచివి ఉంటాయంట. ఉండనీ. నన్ను మజ్జిగ బాగు చేసిందో, నీళ్లు బాగు చేసినాయో, కడుపు తనంతట తానే కుదురుకుందో, వాదించేవాళ్లు వాదించుకోనీ. ఆ పొద్దు నాకు తెలిసింది ఒకటే, నా బిడ్డ ఆకలి.

రెండో కాన్పుకు మళ్లా ఆ ఇంటికే పోయినా. పురుడు పోసుకున్నాక జేజి కొంగు చాటున ముంత తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. "తాగుపో. నేను చూడలేదులే" అనింది.

"చూడు జేజీ," అన్నా. "నువ్వు చూస్తాంటేనే తాగుతా."

జేజి మంచం పట్టె మీద కూచునింది. ముంత ఖాళీ అయ్యేదాకా లేవలేదు.