అక్కగారి సూర్యుడు

మా మేడమీద అద్దెకుండే అక్కగారు మొన్న ఆసుపత్రిలో పోయారు. కబురు వచ్చేసరికి నేను వెల్డింగ్ చేస్తున్నాను. మిషన్ ఆపేశాను. వన్ టౌన్‌లో అడుగుపెట్టిన నాటినుంచీ ఆవిడ నన్ను అడిగింది అదే.

గోదావరి జిల్లా నుంచి వచ్చి, ఇక్కడి కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. సూర్యుడి నుంచి వెలుగుతోపాటు రేడియో తరంగాలూ వస్తాయట. డెబ్బైల్లో ఈ ఊళ్లో వాటిని వినాలనుకున్నది ఆవిడొక్కరే. మేడమీద పెద్ద ఏరియల్ కట్టారు. దానికి ఇనప స్టాండు నేనే చేశాను. తీరా చూస్తే, నేను వెల్డింగ్ పెట్టినప్పుడల్లా ఆవిడ రిసీవర్ గరగరలాడేది, తరంగాల జోరు చూపే సూది పిచ్చిపట్టినట్టు కొట్టుకునేది.

"తమ్ముడూ, సూర్యుడు మాట్లాడుతుంటే అడ్డొస్తున్నావు" అన్నారు మెట్లు దిగివచ్చి.

"నాను పని మానేత్తే ఏటి తింతానక్కా? మీ సూరీడు పెడతాడేటి?" ఒళ్లు మండి అనేశాను.

మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. చివరికి దారి ఆవిడే కనిపెట్టారు. సూర్యుడు నడినెత్తికొచ్చి వాలాకే కదా మా మధ్యాహ్నం నమాజు. "మసీదుకు ఎలాగూ షాపు కట్టేస్తావు. ఓ అరగంట ముందు కట్టెయ్. ఇద్దరం చూసేది ఆ సూర్యుణ్నే కదా!" సరేనన్నాను. ఆ వేళకు మోటార్లు ఆపమని పక్క షాపులవాళ్లను ఒప్పించే తలనొప్పీ నాకే వచ్చిపడింది.

చంద్రుడు కప్పుతుంటే సూది ఎంత దిగుతుందో చూడాలని ఆవిడ ఏళ్లుగా కాచుకున్నారు. తీరా సూర్యగ్రహణం నాడు వీధంతా తలుపులు వేసుకుంది. సాయం వస్తామన్న విద్యార్థులను ఇళ్లలో కదలనివ్వలేదు. సూర్యుడి వెంట ఏరియల్ తిప్పాలి, సూదినీ చూడాలి. ఆ రోజు పోతే మళ్లీ ఎప్పుడో! నేను గ్రహణం నమాజు చదువుకుని వచ్చేసరికి, ఆవిడ మేడమీద ఆ మూలకీ ఈ మూలకీ పరుగులు పెడుతున్నారు.

"ఏటక్కా, ఒక్కరే సేత్తన్నారా? స్టాండు నాను తిప్పుతాను, సూది మీరు సూడండి."

పట్టపగలు చీకటి కమ్మింది. సూది దిగుతూ దిగుతూ సగం దారిలో ఆగిపోయింది. రిసీవర్ పాడైపోయిందన్నాను. ఆవిడ మాత్రం కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

"పాడవలేదు తమ్ముడూ! సూర్యుడు మన కంటికి కనిపించేదానికంటే పెద్దవాడు. కప్పేశాక కూడా చుట్టూ ఇంకా మిగిలే ఉన్నాడు."

ఆవిణ్ని సాగనంపి వచ్చి నిన్న షాపు తెరిచాను. చెయ్యి ఆడలేదు. అక్కగారు లేకపోవడం నాకు చాలా కష్టంగా ఉంది. ఎండ నడినెత్తికి రాబోతుంటే మిషన్ కట్టేశాను. పక్క షాపులో గ్రైండరు ఆగింది. ఎదురుగా రంపమూ ఆగింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

నేను మెట్లెక్కి రిసీవర్ స్విచ్ వేశాను. సూది కాస్త వణికి, మెల్లగా లేచింది.