ఊటగెడ్డకు వేసిన ఆకుపచ్చ రంగు

“ఫోన్ కలవని టైములోనే గుంటడికి ఊపిరి పట్టేసిందనుకో బాబాయ్, నాకెలా తెలుస్తాది?”

సంధ్యారాణి ఈ మాట అడిగేసరికి శాంతిరాజు నిచ్చెన మీద ఉన్నాడు. ఊటగెడ్డ ఆరోగ్య ఉపకేంద్రం స్లాబు అంచున, ఇనప గొట్టానికి డిష్ బిగిస్తూ, నోట్లో రెండు నట్లు పట్టుకుని ఉన్నాడు. వాటిని అరచేతిలోకి తీసుకుని కిందికి చూశాడు.

“అది తెలవడానికే కదమ్మా నేనీ నిచ్చెనెక్కింది” అన్నాడు.

రెండేళ్ళ కిందటి మార్చి నెల అది. సంధ్యారాణిది ఊటగెడ్డే. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి చోడవరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. భర్త ఉదయ్‌కుమార్‌కు మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. కొడుకు సన్నీకి అప్పటికి రెండేళ్ళు నిండలేదు. పుట్టిన మూడో నెలనుంచీ వాడికి ఆయాసం. కాలేజీ ఉన్న రోజుల్లో వాణ్ణి ఊటగెడ్డలో తల్లి అచ్చియ్యమ్మ దగ్గర ఉంచక తప్పేది కాదు. ఆయాసం వచ్చినప్పుడు డొక్కలు ఎగరేస్తున్నాడో లేదో వీడియోలో చూపిస్తే, ఆసుపత్రికి తేవాలో అక్కర్లేదో చెబుతానన్నారు చోడవరం డాక్టరుగారు. చూపిద్దామంటే ఊటగెడ్డకు కొండ అడ్డం. ఊళ్ళో సెల్‌ఫోన్ గోడ గడియారంతో సమానం. టైము చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఆ కొండను దాటించి ఇంటర్నెట్ తెచ్చినవాడు శాంతిరాజు.

అతను చదివింది పదో తరగతి. పాతికేళ్ళు కేబుల్ టీవీ నడిపాడు. ఇళ్ళకు కేబుల్ అక్కర్లేని రోజులు వచ్చాక, వైరు లేకుండా డిష్ నుంచి డిష్‌కు ఇంటర్నెట్ పంపవచ్చని విశాఖలో ఎవరో చెబితే నేర్చుకున్నాడు. మొదటి డిష్ చోడవరంలో తన డాబా మీద పెట్టాడు. రెండోది రావికమతం వైపు ఒక వాటర్ ట్యాంకు మీద. ఒక డిష్‌కు ఇంకోటి ఎదురుగా కనబడితేనే సిగ్నల్ అందుతుంది గనక, అక్కడినుంచి ఒక్కో ఊరికీ అడ్డం లేని ఒక్కో చూపు. శాంతి నెట్ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఇంట్లో ఫ్యాను తిరగకపోయినా అతనికే ఫోన్ చేసేవారు. భార్య కృపామణి ఫోనెత్తి, “ఆయన ట్యాంకు మీదున్నారండి. దేవుడికి దగ్గిరగానే ఉన్నారు, మీ ఫ్యాను సంగతి అక్కడే సెప్పమంటాను” అనేది.

కొత్త ఊరికి వెళితే శాంతిరాజు ముందు డాబా ఎక్కి, ఏమేం కనబడుతున్నాయో నలువైపులా చూసి, తర్వాత సిగ్నల్ నంబరు చూసి, ఒక పొడుగాటి పుస్తకంలో రాసేవాడు. తేదీ, చోటు, నంబరు, కింద సంతకం. పుస్తకం అట్ట మీద నూనె మరకలు, లోపల దస్తూరి మాత్రం బడిపిల్లాడిలా గుండ్రంగా ఉండేది.

ఊటగెడ్డలో ఆ వేళ సిగ్నల్ బలంగా వచ్చింది, ఉపకేంద్రం పక్కనే ఉన్న అచ్చియ్యమ్మ ఇంటిదాకా అందింది. సంధ్యారాణి చోడవరం వెళ్ళి వీడియో కాల్ చేస్తే, సన్నీ బెల్లంముక్క చప్పరిస్తూ కనబడ్డాడు. బొజ్జ మీద కారిన బెల్లం చుక్క కూడా కనబడింది. ఆ వారం ఆమె కంటినిండా నిద్రపోయింది.

ఏప్రిల్లో మ్యాపు పని వచ్చింది.

విశాఖలో కొందరు కుర్ర ఇంజనీర్లు స్వచ్ఛందంగా ఒక మ్యాపు తయారుచేస్తున్నారు. ఏ ఊళ్ళో ఇంటర్నెట్ నిజంగా అందుతోందో శాంతిరాజులాంటి చిన్న నెట్‌వాళ్ళే రాసి పంపాలి. బలవంతం లేదు. అందే ఊరికి ఆకుపచ్చ రంగు, తెలియని ఊరు ఖాళీ. ఖాళీగా మిగిలిన ఊళ్ళకు వాళ్ళే వచ్చి చూస్తారు. నిజంగానే అందడం లేదని తేలితే దాతల చేత ఉపకేంద్రానికీ బడికీ ఫైబర్ లైను వేయిస్తారు. ఫారంలో ఒక్క నిబంధన ఉంది. ప్రతి ఊరికీ నంబరు రెండుసార్లు చూడాలి, ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి.

శాంతిరాజుకు కంప్యూటరు టైపింగు రాదు. పుస్తకం పట్టుకుని సంధ్యారాణి ఇంటికి వచ్చాడు. అతను చదవడం, ఆమె కొట్టడం. నలభై ఊళ్ళకు రెండేసి నంబర్లు ఉన్నాయి. నలభై ఒకటోది ఊటగెడ్డ. అక్కడ డిష్ పెట్టిందే మార్చిలో. ఉన్నది ఒక్క నంబరు.

“ఇది వొగ్గీమ్మా. వానల్లో సూసి పంపుదాం” అన్నాడు శాంతిరాజు.

“వానల్దాకా ఆగరు బాబాయ్, రేపే ఆఖరు” అంది సంధ్యారాణి.

“అయితే ఖాళీగా ఉండనీ.”

ఆమెకు ఆ ఖాళీ నచ్చలేదు. కొడుకు ఉండే ఊరు అది. తెర మీద నలభై ఊళ్ళు పచ్చగా కనబడుతుంటే ఆ ఒక్కటే బోసిగా ఉంది. కాగితం తీసుకుని ట్యాంకు ఎత్తు, కొండ ఎత్తు, మధ్య దూరం వేసి లెక్క కట్టింది.

“దూరం మారదు, కొండ కదలదు. వానల్లోనూ ఇంచుమించు ఇదే నంబరు వస్తాది. ఇంకో రెండు తగ్గించి రాద్దాం, సరిపోద్ది.”

శాంతిరాజు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “సైన్సు సదివినోళ్ళు, మీకు తెలుస్తాదిలే” అన్నాడు. ఆమె రెండో గడిలో నంబరు కొట్టింది. ఊటగెడ్డ ఆకుపచ్చగా మారింది. అచ్చు తీసిన కాగితం మీద శాంతిరాజు సంతకం చేశాడు.

ఆమె లెక్కలో తప్పు లేదు. లేనిదల్లా చెరకు.

వాళ్ళు డిష్ పెట్టినప్పుడు ఉపకేంద్రం ముందున్న మెరక మడిలో చెరకు నరికేసి ఉంది. మోళ్ళు తప్ప ఏమీ లేవు. జూన్‌కు ఆ మోళ్ళు మొలిచి నడుమెత్తు వచ్చాయి. ఆగస్టుకు మనిషిని దాటాయి. సెప్టెంబరులో వీడియో ముక్కలు ముక్కలుగా రాసాగింది. అక్టోబరుకు పన్నెండడుగుల గడ డిష్ ముఖానికి అడ్డంగా నిలబడింది. ఎండలో కొంచెం దారి ఇచ్చిన ఆ ఆకే వానలో తడిస్తే సిగ్నల్‌ను మింగేసేది.

ఆ నెలలో ఒక బుధవారం, ముసురు. సంధ్యారాణి ల్యాబులో ఉండగా తల్లి నుంచి వీడియో కాల్ వచ్చింది.

“ఒసే సంధ్యా, గుంటడు ఒకలా ఊపిరి తీస్తన్నాడే. ఇదుగో, సూడు.”

అచ్చియ్యమ్మ మనవడి చొక్కా పైకెత్తి ఫోన్ దగ్గరగా పెట్టింది. పక్కటెముకలు కనబడ్డాయి. అంతే, బొమ్మ ఆగిపోయింది. చూడవలసింది కదలిక. ఆగిన బొమ్మలో కదలిక ఉండదు. వాడు డొక్కలు ఎగరేస్తున్నాడో లేదో, అసలు ఊపిరి తీస్తున్నాడో లేదో తెలియని ఆ బొమ్మను చేతిలో పట్టుకుని ఆమె ఆటో ఎక్కింది. దారి పొడుగునా అది అలాగే ఉంది.

ఆమె ఊటగెడ్డ చేరేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. వీడియో ఆగిపోగానే అచ్చియ్యమ్మ పక్కింటి సత్తిబాబు బండి మీద పిల్లాణ్ణి చోడవరం తీసుకెళ్ళింది. రోడ్డు మీద ఇద్దరూ ఎక్కడో ఎదురుపడే ఉంటారు. వానలో ఒకరినొకరు చూసుకోలేదు. సన్నీ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు.

విషయం తెలిసిన రోజే శాంతిరాజు స్లాబు ఎక్కాడు. ఎక్కి, డిష్‌ను ముట్టుకోకుండా అలా నిలబడిపోయాడు. ఆ చెరకు అచ్చియ్యమ్మదే.

“కోసీమంటావేటి?” అంది అచ్చియ్యమ్మ కిందనుంచి. “పచ్చి గడ, ఫ్యాక్టరీవోడు బండి కూడా దింపనివ్వడు.”

సంధ్యారాణి తల దించుకుంది. పుట్టినప్పటినుంచీ ప్రతి ఏడూ చూసిన పంట అది.

నవంబరులో ఫైబర్ వేసే ఊళ్ళ జాబితా వచ్చింది. పదకొండు ఊళ్ళు. ఊటగెడ్డ లేదు. ఆకుపచ్చగా ఉన్న ఊరిని ఎవరూ వచ్చి చూడలేదు. ఆ ఆదివారం ఉపకేంద్రం వరండాలో జనం పోగై శాంతిరాజును పిలిపించారు. ఆశా కార్యకర్త దేముడమ్మ నోటికి భయపడనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

“మ్యాపులో మా ఊరు పచ్చగా ఉందట బాబూ. మాకు మాత్తరం కానరాడం నేదు, కళ్ళజోళ్ళు పంపిస్తారేటి?” అంది.

ఎవరో నవ్వారు. వెనకనుంచి ఇంకొకరు, “ఎవులు రాసేరు అసలు?” అని అరిచారు.

“నేనే రాసేను. పుస్తకం నాది, సంతకం నాది” అన్నాడు శాంతిరాజు.

“ఎందుకు రాయడూ? లైనొస్తే ఈడి డిష్షులు ఎవులికి కావాల? యాపారం కోసం ఊరి నోట్లో మన్ను కొట్టేడు” అన్నాడు ఆ అరిచినవాడే.

సంధ్యారాణి సన్నీని చంకనెత్తుకుని గుమ్మం పక్కనే ఉంది. ఆ రెండో నంబరు తనది అని ఒక్క మాట అంటే చాలు. తల్లి ఈ ఊళ్ళోనే బతకాలి, కొడుకు ఈ ఊళ్ళోనే పెరగాలి, రేపు మళ్ళీ ఊపిరి పడితే బండి తీయవలసింది ఈ మనుషులే. సన్నీకి చెవులమీదుగా తువ్వాలు సర్దుతూ నిలబడింది. శాంతిరాజు వెళుతూ వెళుతూ, “గుంటడికి గాలి తగలనీకమ్మా” అని మాత్రం అన్నాడు.

వ్యాపారం కోసం అబద్ధం రాశాడన్న మాట ఊళ్ళు దాటింది. చెరకు నరికాక ఫిబ్రవరిలో సిగ్నల్ మళ్ళీ మార్చి నాటిలాగే వచ్చింది కానీ, పోయిన పేరు రాలేదు. మాడుగుల వైపువాళ్ళు కూడా ఒక్కొక్కరే డిష్‌లు విప్పించేశారు. వర్షాలు తిరిగి వచ్చేసరికి శాంతిరాజు డాబా మీద విప్పి తెచ్చిన డిష్‌లు పళ్ళేల్లా దొంతరగా పేర్చి ఉన్నాయి. వాటిలో వాననీళ్ళు నిలిచి కాకులు తాగుతున్నాయి.

సంధ్యారాణి అతని ఇంటికి వెళ్ళింది ఆ ఆగస్టులో, వరండాలో జనం పోగైన తొమ్మిది నెలలకు. శాంతిరాజు కింద కూర్చుని వైరు చుట్టలు చుడుతున్నాడు.

“బాబాయ్, ఆ నంబరు నాది. ఆ రోజే చెప్పాల్సింది.”

“పుస్తకం నాదే కదమ్మా.”

కృపామణి టీ గ్లాసు అందిస్తూ, “మా ఆయనకి ఒకరి మీదకి తొయ్యడం రాదమ్మా. అదొచ్చుంటే ఈపాటికి మేడ మీద మేడ కట్టును” అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వులో సంధ్యారాణి ఎక్కువసేపు కూర్చోలేకపోయింది.

ఆ ఆదివారం ఊటగెడ్డ వెళ్ళి అదే వరండాలో నిలబడి చెప్పింది. జనం పెద్దగా లేరు. దేముడమ్మ మందుల పెట్టె మూసి, ఆమెను కింద నుంచి పైదాకా చూసింది.

“ఇప్పుడు సెప్పేవు. సెప్తే లైనొస్తాదేటి? ఆ మడిసికి కనక్షన్లు తిరిగొస్తాయేటి?”

రాలేదు. విశాఖ కుర్రాళ్ళకు ఉత్తరం రాసి మ్యాపులో ఊటగెడ్డ గడిని మళ్ళీ ఖాళీ చేయించింది. దాతలు దొరికినప్పుడు చూస్తామన్నారు. శాంతిరాజుకు ఇప్పుడు ఇరవై ముప్ఫై ఇళ్ళే మిగిలాయి. అయినా వానాకాలం రాగానే పుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, ఎవరూ అడక్కుండానే ఊరూరూ తిరిగి నంబర్లు చూస్తాడు. కిందటి వానల్లో ఆమె కూడా రెండు ఆదివారాలు వెంట వెళ్ళింది. ఒక ఊళ్ళో గెడ్డ పొంగి అవతలికి దాటలేకపోయారు. అవతల ఉన్నవి పది ఇళ్ళు.

“ఇవతల బాగానే ఉంది కదా బాబాయ్. వాటికేం రాద్దాం?” అంది ఆమె, కలం పట్టుకుని.

శాంతిరాజు గెడ్డ వంక చూస్తూ చెప్పాడు. “సూడని కాడ ఖాళీ వొగ్గీమ్మా. ఖాళీ ఉంటే ఎవుడో ఒకడు సూడ్డానికొస్తాడు. రాసీసేమంటే మరెవుడూ రాడు.”

సన్నీ ఆయాసానికి సంధ్యారాణి ఒక పుస్తకం పెట్టింది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎలా ఉన్నాడో రాసి నెలకోసారి డాక్టరుగారికి చూపించాలి. ఈ నెల అందులో ఒక శుక్రవారం మధ్యాహ్నం గడి ఖాళీగా ఉంది. ఆ వేళ ఆమె ల్యాబులో ఉంది, అచ్చియ్యమ్మ కళ్ళం దగ్గర ఉంది, పిల్లాడు మంచం మీద ఒక్కడే పడుకున్నాడు. బాగానే ఉండి ఉంటాడని రాయడానికి చెయ్యి పోయింది గానీ ఆగింది.

“ఇదేం, ఇక్కడ రాయలేదు?” అన్నారు డాక్టరుగారు.

“చూడలేదండి” అంది.

ఆయన పుస్తకం పక్కన పెట్టి, సన్నీ చొక్కా పైకెత్తి, స్టెతస్కోపు చెవులకు తగిలించుకున్నారు.