పడుకోబెట్టి కొలిచిన దారం

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులు రాగానే మా అమ్మ నన్ను గోడకు ఆనించి నిలబెట్టేది. మడమ కింద దారం కొస తొక్కించి, నడినెత్తి దాకా లాగి, పళ్లతో పుటుక్కున తెంపేది. దాన్ని కొంగున ముడేసుకుని, నల్గొండ దిక్కు ఒక పల్లెలో ఉన్న పాత రాతి చర్చికి నన్ను తీసుకుపోయేది...

మేము హిందువులమే. కానీ నాకంటే ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు. ఈ బిడ్డ బతికితే ఏటా బిడ్డ ఎత్తు కొవ్వొత్తి ముట్టిస్తానని అమ్మ అక్కడి మేరీమాతకు మొక్కుకుంది.

ఎండలో నడిచొచ్చి లోపల కాలు పెడితే కడవ పక్కన కూర్చున్నట్టు చల్లగా ఉండేది. వసారాలో, కొవ్వొత్తులు పోసే మరియమ్మవ్వ మైనం కాచేది. మేం తెచ్చిన దారమే వత్తి.

"మళ్ల జానెడు పెరిగినవానే. మీ అమ్మ ఇంకెంత మైనం కొనాలె?" అనేది.

ఒక ఏడు దారం బస్సులో ఎక్కడో పడిపోయింది. మళ్లీ కొలవాలి. నేను అలిసిపోయి ఆ చల్లటి బండల మీద వాలిపోయాను. "అవ్వా, గిట్లనే కొలువు" అన్నాను.

పిక్క మీద ఒక్కటి వేసింది. "లెవ్వే. పండుకున్నోళ్లను కొలిచేది సచ్చినోళ్ల పెట్టెకు."

అందరూ నవ్వారు... నేనూ నవ్వాను.

పెళ్లయి ఎల్బీనగర్ వచ్చాక నా బిడ్డనూ ఏటా కొలిచాను. కిరాయి ఇంట్లో, బీరువా పక్క గోడకు నిలబెట్టి, తల దగ్గర గీత గీసి. పదకొండో ఏట దానికి రక్తంలో జబ్బు వచ్చింది. ఇక మందులు పనిచేయవని డాక్టరు ముందే చెప్పాడు. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో దారం ఉండ కొనుక్కుని దవాఖానకు పోయాను. మంచం పక్కన మా అత్త ఉంది.

బిడ్డ చంకల కింద చేతులు వేసి లేపాను. కాళ్లు నిలవలేదు. రెండోసారి కూడా...

"అమ్మా, పండుకునే ఉంట, కొలువు. పొడుగ్గ కనిపిస్త" అని నవ్వింది.

కొలిచాను. తెలిసే కొలిచాను.

చర్చిలో ఇప్పుడు మరియమ్మవ్వ కోడలు ఉంది. దారం చేతిలోకి తీసుకుని, "నిలవెట్టే కొలిచినవా అక్కా?" అంది.

"ఆ" అన్నాను. మేరీమాత ముందే అబద్ధం చెప్పాను.

కొవ్వొత్తి సగం కాలక ముందే మా ఆయన ఫోన్ చేశాడు. "వచ్చెయ్" అన్నాడు.

బిడ్డ పోయిన మూడో నాడు, భోజనాల దగ్గర చుట్టాలందరి ముందు మా అత్త అంది. "తల్లే పెట్టె కొలత తీస్కపోయి దేవుని ముందట వెట్టింది. ఇగ దేవుడేం జేస్తడు?"

డాక్టరు చెప్పిన మాట అక్కడ అందరికీ తెలుసు. ఒక్కరూ కాదనలేదు. మా ఆయన విస్తరిలోకి చూస్తూ కూర్చున్నాడు. నేనూ కాదనలేకపోయాను.

ఇప్పుడు ఆ చర్చిలో ఎవరినీ కొలవరట. అందరికీ ఒకే సైజు కొవ్వొత్తులు, ప్యాకెట్లలో... బీరువా పక్క గీతలు కూడా పోయాయి. ఇంటి ఓనరు రంగు వేయించాడు.

మీ చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరు కొలిచేవారో రాయండి. మీ పిల్లలు ఇప్పుడు ఎక్కడి దాకా వచ్చారో కూడా రాయండి... చదువుతాను.

నా బిడ్డ నా భుజం దాకా వచ్చేది.