చేతిల ఫోనైతే ఉండె

ఆరేళ్లుగా నేనొక మూడు మాటల వాక్యాన్ని మోస్తున్నాను. బరువులు నాకు కొత్త కాదు. కొత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. అక్కడ ఎంత బరువైన సరుకైనా చివరికి ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకుపోతారు. దీని కోసం ఎవరూ రాలేదు. నా భార్యకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నా ముఖం చూడరు కాబట్టి.

మా ఇల్లు శంషాబాద్‌లో, విమానాలు దిగే దారికి సరిగ్గా కింద. టులెట్ బోర్డు మీద గాలి, వెలుతురు అని రాశాను. చప్పుడు గురించి రాయలేదు. పైపోర్షన్‌లోకి ఇద్దరు పరదేశీయులు కిరాయికి దిగారు. వాళ్ల దేశం పేరు రాయను. అక్కడ సైన్యం గద్దెనెక్కి సొంత జనంతోనే యుద్ధం చేస్తోంది. ఆ ఇద్దరిలో పెద్దాయన పాఠశాలలో భూగోళం చెప్పినవాడు, మాస్టర్ సాబ్ అని పిలిచేవాణ్ణి. రెండోవాడు సైన్యంలో రేడియో దగ్గర పనిచేసి పారిపోయి వచ్చాడు. అతనికి రేడియో అనే పేరు పెట్టాను. పేర్లు పెట్టడంలో నేను దిట్ట.

ప్రభుత్వాన్ని కూలదోసేవాళ్లంటే నా ఊహలో వేరేగా ఉండేవారు. వీళ్లు వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్లేరేవారు. నీళ్లు రాకపోతే మోటార్ వేయమని మా ఆవిడను బతిమాలేవారు. ఏడాదికి మా గల్లీ తెలుగు మాట్లాడటం నేర్చారు.

వాళ్ల పని ఏమిటో మాస్టర్ సాబ్ నమ్మి నాకే చెప్పాడు. అక్కడ ఒక సైనిక విమాన స్థావరం గేటు ముందు ఆయన అక్కకు చాయ్ కొట్టు ఉంది. బాంబుల విమానం లేచిన వెంటనే ఆమె అది ఏ దిక్కుకు పోయిందో ఒక సందేశం పంపుతుంది. మా పైగదిలో కూర్చున్న రేడియో దాన్ని ఆ దిక్కున ఉన్న ఊళ్లకు చేరవేస్తాడు. దగ్గరి ఊరికి పదకొండు నిమిషాలు. ఆలోపు పిల్లలు గోతుల్లోకి దిగాలి. ఇది చెబుతుండగా మా ఇంటి మీద ఒక విమానం పోయింది, ఆయన మాట మధ్యలో ఆపేసి తల వంచాడు. గిది దుబాయ్ నుంచి వచ్చేది సాబ్, లోపల అందరు నిద్రపోతున్నరు అన్నాను. నవ్వాడు. నాకు అది చాలు. ఎదుటివాడు నవ్వితే పని పూర్తయిందనుకోవడం నా జబ్బు.

ఒక ఎండాకాలం అక్క కంటి ఆపరేషన్ పేరు చెప్పి హైదరాబాద్ దవాఖానకు వచ్చింది. తమ్ముడితో తెగతెంపులు చేసుకున్నానని అక్కడి అధికారులకు సంతకం పెట్టి ఇచ్చిన మనిషి. మా మిద్దె మీద తమ్ముడి పక్కన నిలబడి, కంటికి పచ్చ గుడ్డతో నవ్వింది. రేడియో నా వెనక నిలబడి ఉండగా నేను నా ఫోన్‌లో ఫోటో తీశాను. సరిగ్గా అప్పుడే వాళ్ల తలల మీదుగా విమానం. జీవితంలో నేను తీసిన ఒక్కగానొక్క మంచి ఫోటో. వెంటనే డిలీట్ చేయమన్నాడు మాస్టర్ సాబ్. చేసిన అన్నాను. చేయలేదు.

చెడుబుద్ధితో ఉంచుకున్నానా? కాదు. కాదని ఎన్నిసార్లు చెప్పుకున్నా ఏం తేలికపడిందని?

ఆ ఏడు మా గల్లీ బోనాల కమిటీకి నేను అధ్యక్షుణ్ణి. మా దగ్గర పండుగంటే ఫ్లెక్సీ కట్టాలి. అందులో ఎన్ని ముఖాలుంటే అంత పరువు. నిమ్మకాయలంత గుండ్రాల్లో మా బాపు, మేనమామలు, బావమరుదులు, కమిటీ మొఖం చూడని కమిటీ సభ్యులు. అయినా పక్క గల్లీవాళ్ల కంటే తక్కువ పడ్డాం. మా బోనాలకు విదేశీ అతిథుల శుభాకాంక్షలు అని వేస్తే పక్క గల్లీ చస్తుంది అనిపించింది. మాస్టర్ సాబ్ ఏదో సమావేశానికి ఢిల్లీ పోయి ఉన్నాడు. రేడియో ఇల్లు దాటి గల్లీలోకి రాడు. ఫ్లెక్సీ వేసేవాడికి ఆ ఫోటో ఇచ్చాను. గుండ్రంలో కాదు, పెద్దగా, విమానంతో సహా వేయించాను. కట్టిన ఫ్లెక్సీని మళ్లీ ఫోన్‌లో అందరూ చూసేచోట పెట్టాను. చాలామంది మెచ్చుకున్నారు.

మూడో రోజు వానకు ఫ్లెక్సీ ఒక పక్క చిరిగింది. విప్పి తెచ్చి, బొమ్మలు లోపలికి పెట్టి, పెరట్లో నీళ్ల మోటార్ మీద కప్పాను.

రెండు వారాలకు అక్క సందేశాలు ఆగిపోయాయి. అప్పుడు మొదటిసారి ఆ ఫోటో గుర్తొచ్చి, ఫోన్‌లో పెట్టినదాన్ని తీసేశాను. తర్వాత ఒక సాయంత్రం మాస్టర్ సాబ్ పెరట్లోకి వచ్చాడు. కూర్చోవడానికి ఇంకేం లేక మోటార్ గట్టు మీద, ఆ ఫ్లెక్సీ పక్కనే కూర్చున్నాడు. అక్కను పట్టుకున్నారని, విచారణలో ఆమెకొక ఫోటో చూపించారని జైలు నుంచి బయటపడిన ఒకామె చెప్పిందట.

"మీ మిద్దె అన్నా. మా నెత్తిల మీద విమానం. డిలీట్ చేసిన అన్నవ్ గద?"

"చేసిన సాబ్."

"మల్ల వాళ్లకెట్ల దొరికింది? ఆ దినం మిద్దె మీద మనం నలుగురమే ఉంటిమి." పైగది కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "రేడియో గిట్ల తీసిండా? నువ్వు చూసినవా?"

"ఏమో సాబ్. చేతిల ఫోనైతే ఉండె."

అబద్ధం కాదు. రేడియో చేతిలో ఎప్పుడూ ఫోన్ ఉండేది. స్నానానికి పోయినా కిటికీలో పెట్టుకునేవాడు, ఎందుకంటే ఆ పదకొండు నిమిషాల్లో సబ్బు కడుక్కునే తీరిక లేదు. అతని చేతిలో ఫోన్ ఉండటం వల్ల ఎందరు బతికారో, ఆ ఒక్క సంగతినే నేను అతని మీద సాక్ష్యంగా పెట్టాను.

మర్నాడు పొద్దున రేడియో ఒక సంచీతో కిందికి దిగాడు, మాస్టర్ సాబ్ వెళ్లిపొమ్మన్నాడట. తాళంచెవి మా ఆవిడకు ఇచ్చాడు. నా దగ్గరికి వచ్చి, తను తీయలేదని, సాబ్ నా మాట వింటాడు కాబట్టి జర చెప్పమని అడిగాడు. చెప్త అన్నాను. ఎప్పుడో అనలేదు.

గూఢచారి అన్న పేరు అతనికంటే ముందు ప్రయాణం చేసింది. వాళ్ల మనుషులెవరూ ఎక్కడా గడప తొక్కనివ్వలేదు. తను ఎటువైపో చూపించడానికి సరిహద్దు దాటి యుద్ధంలోకి పోయాడని తెలిసింది. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. అక్క సంగతీ అంతే. మాస్టర్ సాబ్ గోడ మీద తన చేత్తో గీసిన పటం ఒకటి ఉండేది. సందేశాలు ఆగాక అందులో బాంబులు పడిన ఒక్కో ఊరిని కొట్టేసేవాడు. పెన్సిల్‌తో. మళ్లీ కడతారు గద అన్నా అనేవాడు. ఎన్నింటిని కొట్టేశాడో నేను లెక్కపెట్టలేదు. నాకంత ధైర్యం ఎక్కడిది?

ఇప్పుడాయన వేరే ఊళ్లో ఉన్నాడు. ఏటా బోనాలకు ఫోన్ చేస్తాడు. పండుగ మంచిగైందా అని అడుగుతాడు. ఈ దేశంల నన్ను మోసం చేయనోడివి నువ్వొక్కనివే అంటాడు. నేను ఏదో జోక్ వేస్తాను. నవ్వుతాడు. నా ఇంటి మీదుగా నాలుగైదు నిమిషాలకొక విమానం దిగుతూనే ఉంటుంది, దిగిన ప్రతిసారీ నా కన్ను గడియారం మీదికి పోతుంది, పదకొండు నిమిషాలు గడిచేవరకు లోపల ఎవరో పరుగెడుతూనే ఉంటారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మాస్టర్ సాబ్‌కు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను నేర్పలేదు. ఆ ధీమాతోనే ఇది రాస్తున్నానేమో. ఫోన్ తీసి ఆయన నంబరు నొక్కి ఈ ముక్క చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆరేళ్లుగా నాకు ఆ రెండు నిమిషాలు దొరకలేదు. క్షమించమని అడగను, అడగాల్సిన ముగ్గురిలో ఇద్దరు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు.

అయినా ఆ సాయంత్రం మోటార్ పక్కన చెప్పాల్సిన జవాబు ఒక్కసారైనా పూర్తిగా రాస్తాను. కొంచెం ఊపిరి ఆడుతుందేమో.

రేడియో చేతిల ఫోనైతే ఉండె సాబ్. అందుల ఆ ఫోటో లేదు. అది నా ఫోన్ల ఉంది.