వెనక సీటు దొర

ఐదంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపే ఉద్యోగం ఆయనది. నడపడమంటే ఏముంది, ఇనప జాలీ తలుపు బర్రున లాగడం, బొత్తాం నొక్కడం, మళ్ళీ జాలీ తలుపు లాగడం. ఓపిగ్గా నేర్పితే పెంపుడు చిలకైనా చేస్తుంది ఆ పని. ఆయన నడక చూస్తే మాత్రం ఆ ఐదంతస్తులూ తన భుజాల మీదే లేచి నిలబడ్డాయనుకోవాలి. గేటు దగ్గర వాచ్‌మన్ ఆ నడక చూసే “దొర” అని పేరు పెట్టాడు. అది వెటకారమని ఆఫీసంతటికీ తెలుసు, ఒక్క దొరకి తప్ప.

అంతటివాడికి కారు లేకపోతే ఎలా? పెద్దాఫీసరు కొత్త కారు కొనుక్కుని పాతదాన్ని ఎవరికి అంటగడదామా అని చూస్తుంటే దొర ముందుకు దూకాడు. జీతంలో కోసుకోమన్నాడు. ఇంట్లో భార్యకి ఒక్క ముక్క చెప్పలేదు. ఒక సాయంత్రం ఆవిడ ఆరిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్తుంటే, మెకానిక్ ఆ కారుని దగ్గించుకుంటూ తోలుకొచ్చి గుమ్మం ముందు ఆపాడు. వెనక సీటులో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు దొర.

“ఎవరిదండీ ఈ కారు?”

“ఎవరిదంటావేంటే? మనదే. పెద్దాఫీసరు ఎక్కిన కారు. సరిగ్గా ఇక్కడే కూర్చునేవాడు, ఈ గుంట ఆయనదే.”

“బాగానే ఉంది. దిగరేం మరి?”

“తలుపు తియ్యి.”

విషయమేమిటంటే ఆ తలుపుకి లోపలి హ్యాండిల్ ఎప్పుడో ఊడిపోయింది. బయటినుంచి ఎవరో ఒకరు తీస్తేనే తెరుచుకుంటుంది. అవతలి వైపు తలుపు ఎక్కడో గుద్దుకుని సొట్టబడి, పుట్టినప్పటినుంచీ గోడే అన్నట్టు బిగుసుకుపోయింది.

“హ్యాండిలే కదా బాబాయ్, నా దగ్గర పాతది ఒకటుంది. టీ తాగేలోపు బిగించేస్తా” అన్నాడు మెకానిక్.

“ఏం అక్కర్లేదు. ఆఫీసరు కారు ఎలా వచ్చిందో అలాగే ఉండాలి” అన్నాడు దొర.

బట్టల మోపు చంకలోకి మార్చుకుని ఆవిడే తలుపు తీసింది. దిగేటప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూడాలి! పెళ్ళినాడు కూడా ఆవిడ అంత వెలుగు చూసి ఎరగదు. చుట్టుపక్కల ఎవరైనా చూశారా అని ఒకసారి వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా కలయజూసి, అప్పుడు రెండో కాలు కింద పెట్టాడు.

బతుకంతా ఊరివాళ్ళకి తలుపులు తీసినవాడు కదా, పాపం, తనకీ ఒకరు తీయాలని ఉంటుంది కదా అని జాలిపడేవాళ్ళు ఉంటారు. పడండి. ఆవిడకి ఏ తలుపు ఎవరు తీశారో కూడా కాస్త కనుక్కుని పడండి.

ఇక తోలడం. దొర మెకానిక్ పక్కన కూర్చుని నేర్చుకోబోయాడు. క్లచ్ తొక్కమంటే బ్రేకు తొక్కాడు, బ్రేకు తొక్కమంటే కళ్ళు మూసుకున్నాడు. ఎదురింటి ప్రహరీకి రెండు ఇటుకలు తక్కువయ్యాక, “తోలడం రాక కాదు, నా స్థాయికి తగిన పని కాదు” అని వెనక సీటులోకి వెళ్ళిపోయాడు. డ్రైవర్ని పెట్టుకునే స్తోమత ఎలాగూ లేదు. కాబట్టి భార్య నేర్చుకుంది. చిన్నపిల్లల బడిలో ఆయా ఆవిడ. పొద్దున్నంతా ముక్కులు తుడిచి, బూట్ల తాళ్ళు కట్టి, సాయంత్రం మెకానిక్ షెడ్డు వెనక ఖాళీ స్థలంలో గేర్లు మార్చడం నేర్చింది. లైసెన్సు కూడా తెచ్చుకుంది.

ఆ కారు ఎన్ని వేషాలు వేసేదో ఆవిడకే తెలుసు. చలిగా ఉంటే స్టార్టు కాదు, వేడిగా ఉంటే ఆగిపోతుంది. వాన వస్తే అద్దం తుడిచే పుల్ల సగం దాకా వెళ్ళి ఆలోచనలో పడుతుంది. రేడియేటర్ కారుతుంటే మెకానిక్, “అక్కా, సీసాతో నీళ్ళు పెట్టుకో. వేడి చూపించే సూది ఎర్ర గీత దగ్గరకొస్తే ఆపి పొయ్యి. లేకపోతే ఇంజన్ నీకు దండం పెట్టేస్తుంది” అని చెప్పాడు. అప్పటినుంచీ డ్రైవరు సీటు కింద నీళ్ళ సీసా లేకుండా ఆవిడ తాళం తిప్పలేదు. దొరకి ఇవేం పట్టవు. ఎత్తు వస్తే “ఊఁ, పైకి” అనేవాడు. పల్లం వస్తే “కిందికి” అనేవాడు. అదే ఆయన చేసే సాయం.

ఇలా ఉండగా బడి వ్యాను తోలే ముసలాయన మానేశాడు. పెద్ద టీచరమ్మ ఆయాని పిలిచింది.

“నువ్వు కారు తోలుతావటగా? పిల్లలకి నీ చెయ్యి అలవాటు. సోమవారం పొద్దున బడి గంటకి ముందే రా, ఒకసారి నన్ను ఎక్కించుకుని తిప్పి చూపించు. బాగుంటే వ్యాను నీదే. ఆలస్యం చేశావో, ముసలాయన బావమరిది కాసుక్కూర్చున్నాడు, అతనికిచ్చేస్తాను. తర్వాత నన్ననకు.”

ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు. ఏళ్ళ తరబడి పరాయి పిల్లల ముక్కులు తుడిచిన చేతికి స్టీరింగు వస్తుందంటే మాటలా? దొరకి చెప్తే మూతి ముడిచాడు.

“నా పెళ్ళాం డ్రైవరా? పదిమందిలో నా పరువేం కాను?”

“ఇప్పుడు చేస్తున్నదేంటండీ మరి?”

“మన కారులో నువ్వు డ్రైవరువి కాదే, పెళ్ళానివి.”

“జీతం లేనిదాన్ని పెళ్ళామంటారని నాకు తెలీలేదు లెండి.”

చివరికి ఒప్పుకున్నాడు, ఒక మెలిక పెట్టి. సోమవారమే ఆఫీసుకి కొత్త ఆఫీసరు వస్తున్నాడు. అందరూ మెట్ల మీద నిలబడి ఉండగా తాను కారు దిగాలి. “ముందు నన్ను దింపు, ఆ తర్వాత నీ వ్యాను.” ఆఫీసు దాటాక రెండు మలుపులే బడికి. సరేనంది ఆవిడ.

సోమవారం పొద్దున సీసా నింపి సీటు కింద పెట్టి, లోపలికి వెళ్ళి జడ ముడి వేసుకొచ్చింది. ఈలోపు దొర ఇస్త్రీ చొక్కాతో వచ్చి, బూట్ల మీద దుమ్ము చూసుకుని, చేతికందిన సీసా తీసి రెండు బూట్లూ శుభ్రంగా కడిగాడు. మిగిలిన నీళ్ళతో జుట్టు తడిపి దువ్వుకున్నాడు. ఖాళీ సీసాకి మూత బిగించి మళ్ళీ సీటు కింద పెట్టాడు. పద్ధతి గల మనిషి కదా.

ఆఫీసు గేటు కనిపిస్తుండగా సూది ఎర్ర గీత ఎక్కింది. గేటు మధ్యకి రాగానే బానెట్‌లోంచి గుప్పుమని ఆవిరి లేచింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది, సరిగ్గా లోపలికీ బయటికీ దారి లేకుండా. ఆవిడ దిగి, కొంగు చేతికి చుట్టుకుని బానెట్ ఎత్తి, సీసా తీసింది. తేలిగ్గా వచ్చింది సీసా. వెనక్కి తిరిగి చూస్తే ఆయన బూట్లు తళతళలాడుతున్నాయి.

“నీళ్ళేవండీ?”

“బూట్లు కడిగా. ఏం, నీళ్ళకి కరువొచ్చిందా? అవతల అందరూ చూస్తున్నారు, ముందు తలుపు తియ్యి.”

నిజంగానే మెట్ల మీద ఆఫీసంతా నిలబడి ఉంది. ఆవిడ అలవాటు కొద్దీ కారు చుట్టూ తిరిగి వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. దొర కాలరు సర్దుకున్నాడు. గడ్డం పైకెత్తాడు. అద్దం సందులోంచి చిన్నగా అన్నాడు:

“చెయ్యి తుడుచుకునే తియ్యి. మసి అంటుతుంది.”

ఆవిడ చెయ్యి చూసుకుంది. నల్లగానే ఉంది, ఆవిరికి వేళ్ళు ఎర్రబడి కూడా ఉన్నాయి. బడి గంట కొట్టే వేళయింది. హ్యాండిల్ మీంచి చెయ్యి తీసేసింది.

“ముందు సీటు మీంచి దాటి రండి. నాకు వేళవుతోంది.”

“ఇంతమంది ముందరా? కోతిలా గెంతమంటావా నన్ను?”

“అయితే కూర్చోండి. మీకు ఇష్టమైన చోటేగా.”

సంచి భుజాన వేసుకుని, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని పరుగందుకుంది. వెనక అద్దం మీద దబదబా బాదుతున్న చప్పుడు వినిపించింది. మొదటి మలుపు తిరిగాక అదీ వినిపించలేదు.

కొత్త ఆఫీసరు వచ్చేసరికి గేటుకి అడ్డంగా పొగలు కక్కే కారు, అందులో ఒక మనిషి. హారన్ కొట్టి కొట్టి విసుగెత్తి ఆయనే దిగొచ్చి తలుపు లాగాడు.

“ఎవరయ్యా నువ్వు?”

“లిఫ్టు సార్.”

“లిఫ్టు అక్కడుంటే నువ్విక్కడెందుకున్నావ్? నెట్టు ముందు దీన్ని!”

వాచ్‌మన్‌తో కలిసి ఇస్త్రీ చొక్కాతో ఆ కారుని పక్కకి నెట్టాడు దొర. “దొరా, పైకా కిందికా?” అని వాచ్‌మన్ అడిగితే మెట్ల మీద నవ్వులు.

బడిలో పెద్ద టీచరమ్మ గడియారం వంక చూస్తూ నిలబడి ఉంది. బావమరిది వ్యాను తాళాలు వేలికి తిప్పుకుంటున్నాడు. ఆవిడ రొప్పుతూ వెళ్ళి ఆ వేలిమీంచే తాళాలు తీసుకుంది. టీచరమ్మని ఎక్కించుకుని, మసి చేతులతోనే, ఒక్క కుదుపు లేకుండా బడి వీధులన్నీ తిప్పి తెచ్చింది. నేర్చుకున్న కారు అలాంటిది మరి, దాన్ని తోలిన చేతికి ఏ బండైనా పువ్వే.

సాయంత్రం వ్యాను తన చేతికొచ్చిందని చెప్పడానికి ఇంటికొస్తే, దొర అప్పటికే పక్కింటివాళ్ళకి కథ చెప్తున్నాడు.

“కొత్త ఆఫీసరు! తన కారు దిగి, నడిచొచ్చి, స్వయంగా నాకు తలుపు తీశాడంటే నమ్ముతారా?”

ఆవిడ వినీ విననట్టు లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుంది.

కారుని మెకానిక్ తాడు కట్టి లాక్కొచ్చి ఇంటి పక్కన పడేశాడు. ఇంజన్ దండం పెట్టేసిందట, ఇక లేవదట. అడక్కపోయినా పాత హ్యాండిల్ ఒకటి తెచ్చి వెనక తలుపుకి బిగించి పోయాడు. ఇప్పుడు లోపలినుంచి ఒక్క వేలితో వస్తుంది తలుపు.

అయినా రోజూ సాయంత్రం దొర పేపరు పట్టుకుని ఆ వెనక సీటులో కూర్చుంటాడు. ఆవిడ వ్యాను బడిలో పెట్టి, ఆ పక్కనుంచే నడిచి ఇంట్లోకి పోతుంది, ఆగదు. వీధిలో పోయేవాళ్ళని చూసి ఆయన కాలరు సర్దుకుంటాడు. ఎవరూ ఆగరు. చీకటి పడ్డాక, ఇటూ అటూ చూసుకుని, తనే తలుపు తీసుకుని దిగుతాడు.