రెప్పలు లెక్కపెట్టే మావయ్య

ఎదుటి మనిషి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టనిదే మావయ్య కెమెరా బటన్ నొక్కడు. మంత్రి వచ్చినా అంతే, మూడేళ్ల పిల్ల వచ్చినా అంతే. జూమ్ పూర్తిగా లాగి, ఆ మనిషి కంటిదాకా వెళ్లి, ఫోకస్ పెట్టి, అప్పుడు తాపీగా వెనక్కి జరుపుతాడు. ఈలోగా నవ్వుతూ నిలబడ్డవాళ్ల దవడలు నొప్పి పుట్టేవి.

"ఎంతసేపయ్యా?" అన్నారా, ఉపన్యాసం మొదలు.

"మామూలు జూమ్ లెన్సయితే దగ్గర పెట్టిన ఫోకస్ దూరం జరిపేసరికి మసకేస్తుంది సార్. ఇది అలా కాదు. ఒక్కసారి పెట్టానా, ఎంత జరిపినా చెక్కు చెదరదు!"

ఆ లెన్సు నాలుగు కిలోలు. దాన్ని ఒక్క మాటన్నా ఊరుకోడు. "పాతదైపోయిందేమో" అన్న పాపానికి తోడల్లుడితో ఆర్నెల్లు మాట్లాడలేదు. బజారులో టమాటాను కూడా కంటికి ఆనించి చూసి, చెయ్యి చాచి మళ్లీ చూసేవాడు. "అది టమాటా, సినిమా హీరోయిన్ కాదు" అని అత్తయ్య సంచి లాక్కునేది.

సభల్లో, ఫంక్షన్లలో ఆయన తీసిన వీడియోలన్నీ ఎడిట్ చేసేది మేనకోడలు. ఆ అమ్మాయి బాధ ఒక్కటే. ఇన్ని గొప్పలు చెప్పే మనిషి సభ మధ్యలో ఉన్నట్టుండి చెయ్యెత్తి, "ఆపండి! ఫోకస్ పోయింది! మళ్లీ మొదటినుంచి!" అని అరిచేవాడు. నెలకు రెండుసార్లయినా తప్పేది కాదు. ఆ ముక్కల్ని ఆమె చూడకుండానే కోసి పారేసేది.

ఆసుపత్రి హాల్లో పెద్ద నర్సమ్మ పదవీ విరమణ సభ. మేనకోడలు ముందే తెగేసి చెప్పింది.

"ఇవాళ ఒక్కసారి ఆపినా రేపటినుంచి కెమెరా నాది మావయ్యా. నీ లెన్సు అటక మీదికే."

"ఆపనే. ఒట్టు."

ముప్పై నాలుగేళ్లు సూది పట్టిన నర్సమ్మ చేతికి మైకు కొత్త. కాగితం విప్పింది. మూడు మాటలు చదివి ఆగిపోయింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కాగితం మడిచి, దిగిపోవడానికి మెట్లవైపు తిరిగింది.

మావయ్య చెయ్యి లేచింది.

"ఆగండమ్మా! ఫోకస్ పోయింది! పాడు లెన్సు, ముసలిదైపోయింది! కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ మొదలెట్టండి."

"ఆ డొక్కు మార్చవయ్యా!" అని హాలంతా ఆయన మీద విరుచుకుపడింది. నర్సమ్మను చూసేవాడు లేడు.

మేనకోడలు మండిపడుతూ కెమెరా తెరలోకి చూసింది. నర్సమ్మ రెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ స్పష్టంగా ఉన్నాయి. వాటి చివర నీళ్లు కూడా. ఫోకస్ ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్లూ తను కోసి పారేసిన ముక్కల్లో ఎంతమంది ఇలా నిలబడ్డారో! ప్రాణంలా చూసుకునే లెన్సును రెండొందలమంది ముందు తిట్టుకుంటున్న ఆ మొండిమనిషి మీద ఆమెకు పట్టరానంత ప్రేమ కలిగింది.

"అయిందా బాబూ?" అంది నర్సమ్మ. గ్లాసు పట్టుకుని ఇంకా మెట్లవైపే చూస్తోంది.

"ఇంకొక్క నిమిషం అమ్మా!" మేనకోడలే అరిచింది. "మొండిఘటం ఈ లెన్సు, మాట వినదు!"

"పోనీ, బీపీ చూడనా దానికి?"

హాలు ఘొల్లుమంది. నర్సమ్మ కూడా నవ్వేసి, మైకు దగ్గరికి లాక్కుంది. కాగితం విప్పకుండానే ఇరవై నిమిషాలు మాట్లాడింది.

ఆ ఇరవై నిమిషాలూ మావయ్య తెర మీంచి కన్ను తీయకుండా మేనకోడలి మీద గొణుగుతూనే ఉన్నాడు.

"మొండిఘటమా? తిట్టాల్సొస్తే నేను తిట్టుకుంటా. మధ్యలో నువ్వెవరే?"